పునర్నిర్మాణ వార్తలో ఏ అంకె అచ్చవుతుంది, ఏది డెస్కులోనే ఆగిపోతుంది

2025 ఫిబ్రవరిలో వారం తేడాతో రెండు నివేదికలు వచ్చాయి. 18న వచ్చినది గాజా గురించి, 25న వచ్చినది ఉక్రెయిన్ గురించి. ప్రపంచ బ్యాంకు, ఐక్యరాజ్య సమితి, ఐరోపా సంఘం కలిసి వేసిన లెక్కలివి. ఉక్రెయిన్ లెక్కలో ఆ దేశ ప్రభుత్వం కూడా పాలుపంచుకుంది. గాజాను మళ్లీ నిలబెట్టడానికి 5,320 కోట్ల డాలర్లు, ఉక్రెయిన్‌కు పదేళ్లలో 52,400 కోట్ల డాలర్లు కావాలని తేల్చారు. అదే ఏడాది అక్టోబరులో సిరియాకు 21,600 కోట్ల డాలర్లని ప్రపంచ బ్యాంకు మరో లెక్క ఇచ్చింది.

ఇలాంటి వార్త విజయవాడలో పొద్దున్నే రెండు పేపర్లు తిరగేసేవాళ్లకు తికమకగానే ఉంటుంది. ఒకచోట ‘నష్టం’ అని ఉంటుంది, ఇంకోచోట ‘సాయం’ అని ఉంటుంది. ఒక ఛానల్లో కొత్త అపార్టుమెంట్లు కనిపిస్తాయి, మరో ఛానల్లో అదే ఊళ్లో శిథిలాలు కనిపిస్తాయి. ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారని అనిపించడం సహజం. కానీ ఈ రకం వార్తల్లో పచ్చి అబద్ధం పాలు తక్కువే. చాలాసార్లు అన్ని అంకెలూ నిజమే, అన్ని ఫొటోలూ నిజమే. వాటిలో దేన్ని ఎంచుకున్నారు, ఏ తేదీ దగ్గర ఆపారు, లోపలికి ఎవరిని వెళ్లనిచ్చారు అన్నచోటే పక్షపాతం దూరుతుంది.

ఒకే ఊరికి మూడు లెక్కలు

యుద్ధానంతర అంచనాల్లో మూడు వేర్వేరు మొత్తాలు ఉంటాయి. గుంటూరు శివారులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ కాలిపోయిందనుకుంటే తేడా సులువుగా తెలుస్తుంది. లోపలి సరుకు సంగతి పక్కన పెడదాం, లెక్క కోసం అంకెలు మనమే అనుకుందాం. లక్ష టిక్కీలు (మిర్చి బస్తాలు) పట్టే గోదాము. కాలిన రోజుకు భవనం, అమ్మోనియా కంప్రెసర్లు, ప్యానెళ్ల విలువ 8 కోట్ల రూపాయలు. ఇది ధ్వంసమైన ఆస్తి విలువ. టిక్కీకి సీజను అద్దె 200 రూపాయల చొప్పున ఏడాదికి 2 కోట్లు వచ్చేది. మళ్లీ తెరవడానికి రెండేళ్లు పడితే 4 కోట్లు పోయినట్టు. ఇది ఆగిపోయిన ఆదాయం. ఇప్పుడు శిథిలాలు తీసి, ఈనాటి సిమెంటు, స్టీలు ధరలకు, కొత్త అగ్నిమాపక ఏర్పాట్లతో కట్టాలంటే 11 కోట్లు. ఇది పునర్నిర్మాణ అవసరం.

విలేకరి 8 అని రాసినా తప్పు కాదు, 11 అని రాసినా తప్పు కాదు. 8, 4 కలిపి 12 అంటే మొత్తం దెబ్బ ఎంతో చెప్పినట్టు. కానీ 8కి 11 కలిపి 19 కోట్ల నష్టం అంటే ఒకే గోడను రెండుసార్లు లెక్కించినట్టు. ఆ పొరపాటు జరుగుతూనే ఉంటుంది.

ఇక ఉక్రెయిన్ నివేదికలో ఆస్తి ధ్వంసం 17,600 కోట్ల డాలర్లు, ఆగిన ఆదాయం తదితరాలు 58,900 కోట్లు, పునర్నిర్మాణ అవసరం 52,400 కోట్లు. తెలుగు డెస్కులో, అంటే పత్రికలో వార్తలు దిద్దే చోట, మొదటి రెండూ ‘నష్టం’ పేరుతోనే అచ్చవుతాయి కాబట్టి ఒకే నివేదిక నుంచి ‘17,600 కోట్ల నష్టం’, ‘58,900 కోట్ల నష్టం’ అని మూడింతలకు పైగా తేడా ఉన్న రెండు శీర్షికలు పుట్టొచ్చు. దేన్ని ఎంచుకుంటే ఏ వాదానికి బలమో చెప్పనక్కర్లేదు. రష్యా చేసిన విధ్వంసం తీవ్రత చూపాలనుకునే పత్రిక పెద్ద అంకెను పైకి తెస్తుంది. ఈ ఖర్చు ఎవరు భరిస్తారని అడిగే పత్రిక అవసరం అంకెను తెస్తుంది. దాడి ప్రభావాన్ని తగ్గించి చూపాలనుకునే వాళ్లకు చిన్న అంకె సిద్ధంగా ఉంటుంది.

గాజా విషయంలో తేదీ కూడా ముఖ్యం. 2025 ఫిబ్రవరిలో వచ్చిన లెక్క 2023 అక్టోబరు నుంచి 2024 అక్టోబరు వరకు జరిగిన విధ్వంసానికే పరిమితం. నివేదిక విడుదలైన రోజును బట్టి అది తాజా పరిస్థితి అనుకుంటాం. ఆ తర్వాత 2025 జనవరి కాల్పుల విరమణ దాకా సాగిన మూడు నెలలకు పైగా యుద్ధం ఆ లెక్కలో లేదు. 2025 అక్టోబరులో ఐక్యరాజ్య సమితి వర్గాలు చెప్పిన అంచనా 7,000 కోట్ల డాలర్లు. రెండు అంకెల మధ్య తేడా చూసి ‘ఎవరో పెంచి చెబుతున్నారు’ అనుకునే ముందు గమనించాల్సింది ఈ తేదీనే.

కాపీ కింది పేరాలు ఎక్కడికి పోతాయి

తెలుగు పేపరు అంతర్జాతీయ పేజీకి ఉక్రెయిన్‌లోని మరియుపోల్ నుంచో ఇరాక్‌లోని మోసుల్ నుంచో సొంత విలేకరి రాయడు. రాయిటర్స్, అసోసియేటెడ్ ప్రెస్, ఏఎఫ్‌పీ, పీటీఐ లాంటి వార్తాసంస్థలు పంపే కథనం, అంటే కాపీ, సాయంత్రానికి డెస్కుకు వస్తుంది. ఆరేడు వందల పదాలు ఉంటుంది. సబ్ ఎడిటర్‌కు దొరికే చోటు సింగిల్ కాలమ్‌లో అరచేతి పొడవు. వార్తాకథనాన్ని ముఖ్యమైనది పైన, వివరణ కింద వచ్చేలా రాస్తారు కాబట్టి చోటు చాలకపోతే కింది నుంచి కోస్తారు. పునర్నిర్మాణ వార్తల్లో అసలు కీలకమంతా ఆ కిందే ఉంటుంది. ‘పదేళ్ల కాలంలో’, ‘ఇందులో ఎక్కువ భాగం రుణాలు’, ‘ఫలానా తేదీ వరకు మాత్రమే’ లాంటి ముక్కలే ముందుగా పోతాయి. సిరియా లెక్కలో 21,600 కోట్లు అనేది మధ్యలో ఎంచుకున్న అంచనా. అసలు నివేదిక ఇచ్చిన పరిధి 14,000 నుంచి 34,500 కోట్ల డాలర్లు. ఇంత వెడల్పున్న పరిధి శీర్షికలో ఒక్క అంకెగా బిగుసుకుపోతుంది.

ఇందులో ఎవరి పక్షమూ లేదు, చోటు సమస్యే అని డెస్కులో పనిచేసేవాళ్లు అంటారు. అది నిజమే. కానీ కోత ఎప్పుడూ ఒకే వైపు పడుతున్నప్పుడు ఫలితం పక్షపాతం లాగే ఉంటుంది. షరతులు పోయి అంకె మిగులుతుంది.

లెక్క మార్చేటప్పుడు ఇంకో ఇబ్బంది ఉంది. బిలియన్ అంటే వంద కోట్లు, ట్రిలియన్ అంటే లక్ష కోట్లు. 524 బిలియన్ డాలర్లు అంటే 52,400 కోట్ల డాలర్లు. హడావుడిలో ఒక సున్నా జారితే 5,240 కోట్లు అవుతుంది. అది ఎవరి కంటా పడదు, ఎందుకంటే రెండు అంకెలూ చదివేవాడి ఊహకు అందనివే. ఆ 52,400 కోట్ల డాలర్లను డాలరుకు అప్పటి 87 రూపాయల చొప్పున రూపాయల్లోకి మారిస్తే దాదాపు 45.6 లక్షల కోట్లు. 2025-26 కేంద్ర బడ్జెట్ 50.65 లక్షల కోట్లు. ‘దాదాపు మన దేశ బడ్జెట్ అంత’ అని బాక్సు కట్టాలని చేయి లాగుతుంది. అది పదేళ్ల ఖర్చును ఒక ఏడాది బడ్జెట్‌తో పోల్చడం. ఏడాదికి పంచితే 4.56 లక్షల కోట్లు. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ బడ్జెట్ 3.22 లక్షల కోట్లు కాబట్టి మన రాష్ట్ర వార్షిక బడ్జెట్‌కు దాదాపు ఒకటిన్నర రెట్లు. ఇదీ పెద్ద మొత్తమే, కాకపోతే వేరే కథ.

హామీ ఇచ్చిన డబ్బు, చేతికొచ్చిన డబ్బు

దాతల సదస్సు వార్తల్లో ఒకే మొత్తం నాలుగు దశలు దాటాలి. ముందు వేదిక మీద హామీ. తర్వాత సంతకంతో కూడిన ఒప్పందం. ఆపై విడుదల. చివరికి ఖర్చు. కెమెరాలు ఉండేది మొదటి దశలో. మిగతా మూడూ ఏళ్ల తరబడి, ఏ ఫొటో లేకుండా జరుగుతాయి.

2018 ఫిబ్రవరిలో కువైట్‌లో జరిగిన ఇరాక్ సదస్సు దీనికి మంచి ఉదాహరణ. ఐసిస్‌తో యుద్ధం ముగిశాక తమకు 8,800 కోట్ల డాలర్లు కావాలని ఇరాక్ చెప్పింది. సదస్సు ముగిసేసరికి 3,000 కోట్ల డాలర్లు ‘వచ్చాయి’. నిజానికి అందులో పెద్ద భాగం రుణాలు, పెట్టుబడులు, ఎగుమతి రుణ పరిమితులు (ఇచ్చే దేశం సరుకు కొనడానికే వాడుకునే అప్పు). తుర్కియే 500 కోట్లు ప్రకటించింది, అదంతా రుణాలూ పెట్టుబడులే. అమెరికా 300 కోట్లకు పైగా రుణ సదుపాయం అంది. కువైట్ 100 కోట్ల రుణం, 100 కోట్ల పెట్టుబడి అంది. ‘ఇరాక్‌కు 3,000 కోట్ల డాలర్ల సాయం’ అన్న శీర్షిక చదివినవాడికి, ఆ తర్వాతి ఏడాది మోసుల్‌లో ఇళ్లు లేచి ఉండకపోతే ఒక్కటే అర్థమవుతుంది: ఇరాక్ నాయకులు తినేశారు. అవినీతి లేదని కాదు, చాలా ఉంది. కానీ రాని డబ్బును ఎవరూ తినలేరు.

ఈ మెలిక మన ప్రాంతానికి కొత్త కాదు. 2024 జులై కేంద్ర బడ్జెట్లో అమరావతికి ప్రకటించిన 15,000 కోట్లు గ్రాంటా, అప్పా అని ఇక్కడ వారాల తరబడి వాదించుకున్నారు. ఏ పేపరు ఏ పదం వాడిందో చూసి అది ఎవరి పేపరో చెప్పగలిగిన పాఠకులు, ఇరాక్ వార్త దగ్గరికి వచ్చేసరికి ఆ అనుమానాన్ని పక్కన పెట్టేస్తారు.

2014 అక్టోబరులో గాజా కోసం కైరోలో పెట్టిన సదస్సుదీ ఇదే తీరు. 540 కోట్ల డాలర్లని ప్రకటన వెలువడింది. అందులో సగమే గాజా పునర్నిర్మాణానికని అదే ప్రకటనలో ఉంది. వార్తల్లో నిలిచింది మాత్రం ‘గాజాకు 540 కోట్లు’ అన్న మాటే. పైగా డబ్బు వచ్చినా పని సాగడానికి సిమెంటు లోపలికి రావాలి. సైనిక అవసరాలకూ వాడొచ్చంటూ ఇజ్రాయెల్ సిమెంటు, స్టీలు రాకను నియంత్రించింది. ప్రతి సంచికీ లెక్క చెప్పే ప్రత్యేక ఏర్పాటు కింద సరుకు రావాల్సి వచ్చింది. హమాస్ సొరంగాలకు మళ్లుతుందన్నది ఇజ్రాయెల్ వాదన, ఇళ్లు కట్టనివ్వకపోవడమే అసలు ఉద్దేశమన్నది పాలస్తీనీయుల వాదన. సదస్సు గురించి రాసినన్ని వార్తలు ఆ సంచుల గురించి రాలేదు.

లోపలికి వెళ్లగలిగింది ఎవరు

2022లో రష్యా ముట్టడించిన మరియుపోల్‌లో 90 శాతం దాకా నివాస భవనాలు దెబ్బతినడమో కూలడమో జరిగిందని ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కార్యాలయం చెప్పింది. ఆ తర్వాత రష్యా అక్కడ పెద్దఎత్తున కట్టడం మొదలుపెట్టింది. నెవ్‌స్కీ అనే కొత్త అపార్టుమెంట్ల సముదాయాన్ని 2023 మార్చిలో పుతిన్ స్వయంగా వచ్చి చూశారు. ఆ దృశ్యాలు రష్యా టీవీలో పదేపదే వచ్చాయి. ఆ భవనాలు ఉన్నాయి, అందులో మనుషులు ఉంటున్నారు. ఉక్రెయిన్ మీడియా చూపించేది మరొకటి. బాగుచేయగలిగిన ఇళ్లను కూడా కూల్చేశారని, ఊరు విడిచిపోయిన వాళ్ల ఫ్లాట్లను ‘యజమాని లేని ఆస్తి’గా నమోదు చేసి తీసుకుంటున్నారని చెబుతుంది. అదీ నిజమే.

స్వతంత్ర విలేకరి వెళ్లి రెండు వీధులూ నడిచి చూసే వీలు ఉంటే ఈ రెండూ ఒకే కథలో చేరేవి. ఆ వీలు లేదు. అధికారుల వెంట తిరిగితే చూపించిందే కనిపిస్తుంది. బయట ఉండి రాస్తే పారిపోయి వచ్చినవాళ్లు చెప్పిందే వినిపిస్తుంది. గాజాలో కూడా 2023 అక్టోబరు నుంచి విదేశీ విలేకరులను ఇజ్రాయెల్ స్వేచ్ఛగా వెళ్లనివ్వలేదు. సైన్యం వెంట వెళ్లొచ్చు, అంతే. లోపలి వార్త అంతా అక్కడి పాలస్తీనా విలేకరుల భుజాల మీదే నడిచింది. వాళ్లలో ఎందరో చనిపోయారు కూడా. వాళ్ల వార్తను ‘ఒక పక్షం మాట’ అని కొట్టేయడమూ, సైన్యం వెంట వెళ్లి చూసినదాన్ని ‘ప్రత్యక్ష కథనం’ అని పైన పెట్టడమూ రెండూ కలిసి జరిగినప్పుడు, ఏ ఒక్క వాక్యమూ తప్పు కాకుండానే మొత్తం చిత్రం ఒరిగిపోతుంది.

ఫొటోకు ఉన్న బలం ఇంకొకటి. బోస్నియాలో మోస్తార్ పాతవంతెన 1993 నవంబరు 9న కూలింది. 2004 జులై 23న మళ్లీ తెరిచారు. రాతి కమాను, కింద పచ్చటి నది, దూకే కుర్రాళ్లు. రెండు జాతులు కలిసిపోయాయని చెప్పడానికి ప్రపంచ పత్రికలకు ఇంతకు మించిన బొమ్మ దొరకదు. అదే మోస్తార్‌లో బోస్నియాక్ (బోస్నియా ముస్లిం), క్రొయేషియన్ పార్టీలు ఒప్పందానికి రాక 2008 తర్వాత 2020 డిసెంబరు దాకా స్థానిక ఎన్నికలే జరగలేదు. పన్నెండేళ్లు. ఈ వార్తకు ఫొటో లేదు. మోసుల్‌లో 2017లో ధ్వంసమై 2025 సెప్టెంబరులో మళ్లీ తెరుచుకున్న అల్ నూరీ మసీదు విషయంలోనూ మినారు ఫొటో ముందు మామూలు ఇళ్ల కథ నిలబడలేకపోయింది.

‘మంచి వార్తలు తొక్కిపెట్టారు’ అన్న ఫిర్యాదు

2003 తర్వాత ఇరాక్‌లో అమెరికా అధికారులు పదేపదే ఒక మాట అన్నారు. బడులు బాగుచేశాం, నీటి పథకాలు తెరిచాం, పత్రికలు మాత్రం బాంబులే చూపిస్తున్నాయి అని. విలేకరుల జవాబు: ఆ బడి దాకా ప్రాణాలతో వెళ్లి రాలేని పరిస్థితే అసలు వార్త. రెండింటిలోనూ బలం ఉంది. బాంబు పేలితే ఆ గంటలో వార్త. బడిలో పిల్లలు రోజూ చదువుకోవడం ఏ రోజు వార్త?

అధికారులు అక్కడితో ఆగలేదు. అమెరికా సైనికులు రాసిన కథనాలను అరబ్బీలోకి మార్చి, లింకన్ గ్రూప్ అనే కాంట్రాక్టు సంస్థ ద్వారా బాగ్దాద్ పత్రికల్లో డబ్బిచ్చి వేయించినట్టు 2005 నవంబరులో లాస్ ఏంజెలెస్ టైమ్స్ బయటపెట్టింది. పెయిడ్ న్యూస్ అంటే ఎన్నికల వేళ మనకు తెలిసిందే. దాంతో నిజంగా బాగుపడిన బడి గురించి రాసినా ఎవరూ నమ్మని స్థితి వచ్చింది.

మరోవైపు, వైఫల్యం కథల్లో కూడా ఒరుగుడు ఉంది. ఇరాక్, అఫ్గానిస్థాన్ పనులను తనిఖీ చేయడానికి అమెరికా కాంగ్రెస్ ప్రత్యేక ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయాలు పెట్టింది. ఆడిట్ నివేదిక విలేకరికి సిద్ధంగా దొరికే సరుకు. అంకె ఉంటుంది, తప్పు ఉంటుంది, ఎదురు దావా భయం ఉండదు. వాటిలో ఇరాక్ పనులు చూసిన కార్యాలయం 2013లో ఇచ్చిన తుది లెక్క ప్రకారం సుమారు 6,000 కోట్ల డాలర్లలో కనీసం 800 కోట్లు వృథా. శీర్షికలకు ఎక్కింది 800. అలాగని మిగతా 5,200 కోట్లూ పనికొచ్చాయని కూడా ఆ అంకె చెప్పదు.

ఆడిట్ అంకె ఎలా జారుతుందో చూడాలంటే అఫ్గానిస్థాన్‌లోని షెబర్ఘాన్ గ్యాస్ బంకును చూడాలి. వాహనాలకు సీఎన్‌జీ పట్టే ఒక్క బంకుకు 4.3 కోట్ల డాలర్లు ఖర్చయిందని 2015లో ఆడిట్ చెప్పింది. పాకిస్థాన్‌లో అలాంటిది 5 లక్షల డాలర్లలోపే అవుతుందని పోలిక కూడా ఇచ్చింది. ప్రపంచమంతా పాకింది. ఆ 4.3 కోట్లలో పెద్ద వాటా బంకు కట్టుబడి కాదు, దానికి అంటగట్టిన కార్యాలయ ఖర్చులు. 2016 జనవరిలో సెనేట్ విచారణలో పెంటగాన్ అధికారి ఆ లెక్క పద్ధతే తప్పని, అసలు ఖర్చు కోటి డాలర్లకు బాగా లోపే ఉంటుందని చెప్పారు. కోటి అయినా దుబారానే. అయినా మొదటి అంకెకు దక్కిన చోటులో పదో వంతు కూడా సవరణకు దక్కలేదు.

ఇంకో పక్క, కాబూల్ దగ్గర తరఖిల్ విద్యుత్ కేంద్రం. 105 మెగావాట్లు, సుమారు 33.5 కోట్ల డాలర్లు. ప్రారంభోత్సవ వార్త వెలుగు వచ్చిందనే చెప్పింది. డీజిల్‌తో నడిచే కేంద్రం కాబట్టి ఉజ్బెకిస్థాన్ నుంచి కొనే కరెంటు కంటే దాని యూనిట్ చాలా ఖరీదు. 2015లో ఆడిటర్లు చూసేసరికి సామర్థ్యంలో ఒక్క శాతం కూడా వాడటం లేదు. డీజిల్ ధర ప్రారంభోత్సవం రోజున కూడా అందరికీ తెలిసిందే. యూనిట్ ఎంత పడుతుందని ఆ రోజే అడిగి ఉంటే ఆ ఒక్క ప్రశ్నతో వార్త మారిపోయేది.

మన దేశం కట్టినప్పుడు

పరాయి దేశం డబ్బు మీద ఉన్నంత అనుమానం మన డబ్బు మీద ఉండదు. అఫ్గానిస్థాన్‌లోని హెరాత్ రాష్ట్రంలో సల్మా ఆనకట్టను భారత్ సుమారు 1,700 కోట్ల రూపాయలతో పూర్తిచేసింది. 42 మెగావాట్ల విద్యుత్తు, 75,000 హెక్టార్లకు నీరు లక్ష్యం. 2016 జూన్ 4న ప్రధాని మోదీ ప్రారంభించారు. మన పత్రికల్లో అది స్నేహానికి గుర్తు. అదే హరీరుద్ నది దిగువన ఇరాన్, తుర్క్‌మెనిస్థాన్ సరిహద్దుల్లోకి పోతుంది. ఇరాన్‌లోని మషద్ నగరానికి తాగునీరు ఇచ్చే దోస్తీ ఆనకట్ట ఆ నది మీదే ఉంది. ఎగువన నీళ్లు ఆగితే దిగువన ఏమవుతుందో కృష్ణా డెల్టా రైతుకు వేరే చెప్పాలా? ఆల్మట్టి గురించి పేజీలకు పేజీలు రాసే మన పత్రికలకు మషద్ బెంగ పెద్దగా వార్త కాలేదు.

శ్రీలంక ఉత్తరాదిలో భారత్ ఇచ్చిన ఇళ్ల కథ ఇంకొంచెం చిక్కుగా ఉంటుంది. 2009లో యుద్ధం ముగిశాక 50,000 ఇళ్లకు హామీ ఇచ్చారు. ఎక్కువ ఇళ్లకు యజమానే కట్టుకునే పద్ధతి పెట్టారు. ఇంటికి 5.5 లక్షల శ్రీలంక రూపాయలను పని సాగిన కొద్దీ దశలవారీగా బ్యాంకు ఖాతాలో వేశారు. కాంట్రాక్టరు కమీషన్ల బెడద లేని మంచి పద్ధతే. చిక్కు ఏమిటంటే యుద్ధంలో అన్నీ పోయిన కుటుంబానికి పునాది దశ దాటేంత వరకు పెట్టుబడి ఉండదు. సిమెంటు, ఇసుక ధర పెరిగితే గ్రాంటు పెరగదు. ఇల్లు పూర్తి చేయడానికి అప్పు చేసినవాళ్లు ఉన్నారు. ‘భారత్ ఇళ్లు కట్టించింది’ అన్న వాక్యంలో ఆ అప్పు కనిపించదు. కొలంబో ప్రభుత్వ వర్గాలకు పునర్నిర్మాణం అంటే రోడ్లు, 2014 అక్టోబరులో జాఫ్నాకు తిరిగి చేరిన యాళ్ దేవి రైలు. అక్కడి తమిళులకు ముందుగా కావలసింది సైన్యం చేతిలో ఉన్న సొంత పొలాలు, ఆచూకీ లేని మనుషుల సమాచారం. ముగ్గురూ వేర్వేరు సంగతులను ఒకే పేరుతో పిలుస్తున్నారు.

మన జిల్లా ఎడిషన్లలో ఇంకో రకం ఒరుగుడు ఉంది, చిన్నదే. 2022లో ఉక్రెయిన్ మనకు ముందు వైద్య విద్యార్థుల రాకగా, ఆ తర్వాత పొద్దుతిరుగుడు నూనె ధరగా కనిపించింది. పిల్లలు ఇంటికి చేరి, నూనె ధర దిగాక ఆ దేశం పేజీలోంచి వెళ్లిపోయింది.

పైనుంచి చూసినా పూర్తిగా కనపడదు

లోపలికి వెళ్లలేనప్పుడు ఉపగ్రహ చిత్రాలే దిక్కు. ఐక్యరాజ్య సమితి ఉపగ్రహ కేంద్రం గాజాలో కట్టడాలను నాలుగు రకాలుగా విడదీస్తుంది: పూర్తిగా ధ్వంసమైనవి, తీవ్రంగా దెబ్బతిన్నవి, ఒక మోస్తరుగా దెబ్బతిన్నవి, దెబ్బతిని ఉండొచ్చనిపించేవి. నాలుగూ కలిపిన శాతాన్ని తీసుకుని ‘ఇంత శాతం నేలమట్టం’ అని శీర్షిక పెడితే ఎక్కువ చెప్పినట్టు. ఉక్రెయిన్‌లో ‘13 శాతం ఇళ్లు దెబ్బతిన్నాయి లేదా కూలాయి’ అన్నదాన్ని ‘13 శాతం ఇళ్లు కూలాయి’ అని రాసినా అదే తప్పు. అయితే ఉపగ్రహం తక్కువ కూడా చెబుతుంది. నిలువుగా పైనుంచి తీసిన చిత్రంలో స్లాబు కనిపిస్తుంది కానీ పక్క గోడలు కనిపించవు. స్లాబు అలాగే ఉండి, పేలుడుకు గోడలు లేచిపోయి, లోపల మంటల్లో అన్నీ కాలిపోయిన ఇల్లు చెక్కుచెదరని ఇళ్ల లెక్కలోకి వెళ్లొచ్చు. అందుకే క్షేత్ర పరిశీలన వీలైనచోట ఇంజినీర్లు ఇల్లిల్లూ తిరిగి చూశాక మొదటి అంకె మారుతుంది. అలా మారిన అంకెతో వచ్చే రెండో నివేదికను ‘గతంలో తప్పు చెప్పారు’ అని ఒక పక్షం, ‘ఇప్పుడు పెంచి చెబుతున్నారు’ అని మరో పక్షం వాడుకుంటాయి. కొలిచే పద్ధతి మారిందన్న సంగతి నివేదిక చివర అనుబంధంలో ఉంటుంది.